ఒక సోడియం దీపం, ఒక ఎల్‌సీడీ తెర, మధ్యలో విజయనగరం

మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రెండు వారాలుగా పెద్ద రగడ నడుస్తోంది. శ్రీకాకుళం జిల్లాలో మేం చదువుకున్న కాలేజీకి (పేరెందుకులెండి) ఏదైనా చేద్దామని తలా కొంత వేసుకున్నాం. డబ్బు పోగయింది. దాంతో ఏం కొనాలన్నదే గొడవ. దాదాపు అందరి మాటా ఒకటే: 75 అంగుళాల టచ్ ప్యానెల్ కొని పెద్ద క్లాసురూములో పెడదాం. నేనొక్కణ్ణే "ఫిజిక్స్ ల్యాబుకి నాలుగు స్పెక్ట్రోమీటర్లు, నాలుగు సోడియం దీపాలు కొందాం" అన్నాను.

వెంటనే ఒకడు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. ఇంకొకడు "ఒరే, నువ్వింకా బీఎస్సీ సెకండియర్లోనే ఉన్నావేటిరా" అన్నాడు. మూడోవాడు కొంచెం మర్యాదస్తుడు: "పిల్లలకి కావల్సింది కోడింగు రా బాబూ, సోడియం దీపం చూసి ఎవడికి ఉద్యోగమొస్తుంది?"

నిజమే. నాకూ రాలేదు. ఎమ్సీయే చేసి, జావా నేర్చుకుని, అందరిలాగే ఐటీలో పడ్డాను. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ వాళ్ళకి జవాబు రాద్దామని కూర్చుంటే అది వాట్సాప్‌లో పట్టేలా లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఓపిక పట్టండి, విషయం మినియాపొలిస్ నుంచి మొదలుపెట్టి విజయనగరం మీదుగా వెనక్కి వస్తాను.

పెట్రోలు బంకు దగ్గర పడ్డ సందేహం

చాలా ఏళ్ళ కిందట ఆన్‌సైట్ అని మినియాపొలిస్ పంపారు. జనవరి నెల. బయట మైనస్ 25 డిగ్రీలు. మా సాలూరు కుర్రాడొకడు, నేనూ కారులో పెట్రోలు కొట్టించుకోడానికి దిగాం. పంపు మీద ఉన్న చిన్న ఎల్‌సీడీలో అంకెలు మారడంలేదు. మారడంలేదంటే, అసలు మారడంలేదని కాదు. పాత అంకె పూర్తిగా పోకముందే కొత్త అంకె దాని మీద వచ్చి కూర్చుంటోంది. 3 మీద 4, 4 మీద 5, అంతా అలుక్కుపోయినట్టు.

"అన్నా, హ్యాంగయినట్టుంది" అన్నాడు మావాడు. హ్యాంగ్ కాలేదు. చలికి తెరలో ఉన్న ద్రవం చిక్కబడింది, అంతే. తెరలో ద్రవమేమిటా అని వాడు ఆశ్చర్యపోయాడు. రోజుకి పది గంటలు మనం చూసేది దాని గుండానే, అయినా అందులో ఉన్నది ఒక ద్రవం అన్న సంగతి మనకి గుర్తుండదు.

ఆ రాత్రి గదికి వచ్చాక నాకొక లెక్క బుర్రలో తొలిచింది. ఒక మామూలు ద్రవస్ఫటికంలో ఒక్కో అణువు అటునుంచి ఇటు తిరగబడడానికి పట్టే కాలం నానోసెకన్లలో ఉంటుంది. మరి మానిటర్ కొన్నప్పుడు డబ్బా మీద రాసేది మిల్లీసెకన్లు కదా? 25 మిల్లీసెకన్లు, తర్వాత 16, తర్వాత 8 అని ఒకప్పుడు ప్రకటనల్లో పోటీపడేవాళ్ళు. అణువు నానోసెకన్లలో తిరుగుతుంటే తెర మిల్లీసెకన్లు ఎందుకు తీసుకుంటోంది? మధ్యలో కనీసం పది లక్షల రెట్ల తేడా. ఆ సమయమంతా ఎక్కడికి పోతోంది? మనం పెర్ఫార్మెన్స్ బగ్ వస్తే ఇలాగే కదా అడుగుతాం.

కారట్ లోంచి వచ్చిన వింత

ముందు ద్రవస్ఫటికం గురించి రెండు ముక్కలు. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిఖ్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కారట్లలోంచి తీసిన కొలెస్టరాల్‌తో ఒక పదార్థం చేశాడు. దాన్ని వేడి చేస్తే 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా ఉన్న ద్రవమైంది. ఇంకా వేడి చేస్తే 178.5 దగ్గర ఆ మబ్బు పోయి తేటగా అయింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలా? ఆయన దాన్ని ఓటో లేమన్ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్తకి పంపాడు. లేమన్ వేడి చేయగల మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఇది నీళ్ళలా కారుతుంది గానీ కాంతితో స్ఫటికంలా ప్రవర్తిస్తోందని తేల్చాడు.

కారణం అణువుల ఆకారం. పొడుగ్గా, పుల్లల్లా ఉంటాయి. ఎవరి చోటు వాళ్ళది అని కుదురుగా ఉండవు, కాబట్టి ద్రవం. కానీ అన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి, కాబట్టి స్ఫటికం. ఆ ఉమ్మడి దిక్కుని కరెంటుతో మార్చొచ్చు. దిక్కు మారితే కాంతి దారి మారుతుంది. మన ఎల్‌సీడీ తెరలన్నీ నడిచేది ఈ ఒక్క కిటుకు మీదే. 1970లో షాట్, హెల్‌ఫ్రిక్ అనే ఇద్దరు స్విట్జర్లాండులో మెలితిప్పిన అమరిక కనిపెట్టారు. 1973లో ఇంగ్లండులోని హల్ యూనివర్సిటీలో జార్జ్ గ్రే బృందం గది ఉష్ణోగ్రత దగ్గర నిలకడగా ఉండే అణువుని తయారుచేసింది. ఆ తర్వాత గడియారాలు, కాలిక్యులేటర్లు, లాప్‌టాప్‌లు వరసగా వచ్చాయి.

సిరిమాను జాతరలో జనం

ఇప్పుడు ఆ పది లక్షల రెట్ల తేడా సంగతి. మా ప్రాంతం వాళ్ళకి దీన్ని చెప్పడం చాలా తేలిక. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూశారా? దసరా వెళ్ళిన తర్వాత మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. రోడ్డంతా ఇసకేస్తే రాలని జనం.

ఆ జనంలో ఒక్కొక్కడు ఎంత వేగంగా కదులుతాడు? కాలు మార్చుకోడానికి ఒక సెకను చాలు. పక్కవాడి భుజం మీంచి తొంగిచూడ్డానికి అర సెకను. కానీ మొత్తం జనం ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకి తిరగాలంటే? సిరిమాను ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంటే తలలు అలలా మెల్లగా తిరుగుతాయి. ఒకడు తిరగాలంటే పక్కవాడు జరగాలి, వాడు జరగాలంటే వాడి పక్కవాడు. ముగ్గురు నలుగురు కలిసి సర్దుకోవడం క్షణాల పని. ఊరంతా సర్దుకోవడం నిమిషాల పని.

ద్రవస్ఫటికంలో జరిగేది అదే. దీనికి చక్కటి లెక్క ఉంది. ఒక గుంపు అణువులు కలిసి దిక్కు మార్చుకోడానికి పట్టే కాలం ఆ గుంపు పొడవు యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఓ ఆఫ్ ఎన్ స్క్వేర్ :) తెరలో ద్రవం మందం సుమారు 5 మైక్రాన్లు అనుకోండి. అణువు పొడవు సుమారు 2 నానోమీటర్లు. రెండింటికీ నిష్పత్తి 2500. దాని వర్గం 62 లక్షల పైచిలుకు. అణువుకి 5 నానోసెకన్లయితే తెరకి 30 మిల్లీసెకన్లు. చూశారా, మన పోయిన సమయం దొరికేసింది!

ఇంకో మాట కూడా ఇందులోనే తేలిపోతుంది. మందం సగం చేస్తే తెర నాలుగు రెట్లు చురుగ్గా మారుతుంది. మానిటర్లు ఏటేటా వేగంగా అవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. పల్చటి పొర, తక్కువ జిగట ఉన్న ద్రవం, కొంచెం ఎక్కువ వోల్టేజితో ఒక తోపు. మినియాపొలిస్ చలిలో జిగట పదుల రెట్లు పెరిగింది, అంకెలు అలుక్కుపోయాయి.

బాగానే ఉంది. కానీ ఈ నెమ్మది కదలికల్ని కంటితో చూడలేం కదా, అణువులు ఇలా గుంపులుగా ఊగుతాయని కొలిచి చెప్పిందెవరు? అక్కడే మన ఊళ్ళు కథలోకి వస్తాయి.

కన్యాశుల్కం ఒక్కటే కాదు

విజయనగరం అంటే మనకి గురజాడ, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వారి వయొలిన్, కోట, జాతర. మహారాజా కాలేజీ అంటే గురజాడ చదివి, పాఠం చెప్పిన చోటు. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయింది. సాహిత్యం వాళ్ళు దాన్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. అందులో తప్పేం లేదు.

కానీ అదే కాలేజీలో 1920లలో ఎ.ఎల్. నారాయణ్ అనే ఫిజిక్స్ మాస్టారు ఉండేవారు. ఆయన, ఆయన దగ్గర పనిచేసిన కుర్రాళ్ళు కలిసి లోహాల ఆవిరి మీద ప్రయోగాలు చేసేవాళ్ళు. లోహాన్ని కాల్చి ఆవిరి చేసి, దాని గుండా కాంతిని పంపి, ఏ రంగులు మింగేసిందో ఫొటో ప్లేటు మీద పట్టుకునేవాళ్ళు. అప్పటికి క్వాంటం సిద్ధాంతం ఇంకా పురిటి నొప్పుల్లో ఉంది. 1920-21లోనే మేఘనాద్ సాహా నక్షత్రాల వర్ణపటాలకీ వేడికీ ఉన్న సంబంధం చెప్పాడు. ఏ లోహపు ఆవిరి ఏ గీతలు మింగుతుందన్నది ప్రపంచమంతా అడుగుతున్న ప్రశ్న. దానికి విజయనగరం నుంచి జవాబులు వెళ్ళాయి, 1920ల మధ్యలో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో, ఫిలసాఫికల్ మేగజీన్‌లో అచ్చయ్యాయి.

ఒక్కసారి ఊహించండి. అప్పటికి ఆంధ్రాలో యూనివర్సిటీయే లేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టిందే 1926లో, అదీ బెజవాడలో. ఒక జమీందారీ పట్నంలో, డిగ్రీ కాలేజీలో, పాఠాలు చెప్పుకుంటూ మిగిలిన టైములో ఈ పని. నారాయణ్ గారు తర్వాత కొడైకెనాల్ సౌర వేధశాలకి వెళ్ళి, 1937 నుంచి 1946 దాకా దానికి డైరెక్టరుగా పనిచేశారు. మన విజయనగరం మాస్టారు సూర్యుణ్ణి చూసే ఆఫీసుకి పెద్ద అయ్యారన్నమాట.

ఆయన దగ్గర పనిచేసిన కుర్రాళ్ళలో ఒకరు కోచెర్లకోట రంగధామరావు. 1898లో బరంపురంలో పుట్టారు. విజయనగరంలో నారాయణ్ గారితో కలిసి వర్ణపటాల పని నేర్చుకుని, తర్వాత లండన్‌లో ఆల్ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పనిచేశారు. ఆర్సెనిక్, సెలీనియం, బ్రోమిన్ లాంటి మూలకాల గీతల్ని విడదీసి అర్థం చెప్పడంలో ఆయన పేరు ఇప్పటికీ ఆ రంగంలో పాత పట్టికల్లో కనిపిస్తుంది.

కలరా ఉండల రేడియో స్టేషన్

యూనివర్సిటీ 1930లో వాల్తేరుకి మారింది. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలరుగా వచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ విరాళంతో సైన్సు కాలేజీ మొదలైంది. రామన్ శిష్యుడు సూరి భగవంతం 1932లో ఫిజిక్స్‌కి వచ్చారు. రంగధామరావు కూడా అక్కడే చేరి దశాబ్దాల పాటు ఆ ల్యాబుల్ని పెంచి పోషించారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇది. ఆయన అప్పటికే పేరున్న మనిషి. కాంతి వర్ణపటాలతోనే జీవితం హాయిగా గడిపేయొచ్చు. కానీ 1949-50లో జర్మనీలోని గొట్టింగెన్‌లో డెమెల్ట్, క్రూగర్ అనే ఇద్దరు ఒక కొత్త పద్ధతి కనిపెట్టారు. పేరు న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెసొనెన్స్. పేరు చూసి భయపడకండి, విషయం సులువు.

క్లోరిన్ లాంటి కొన్ని అణుకేంద్రకాలు గుండ్రంగా ఉండవు, కొంచెం సాగి ఉంటాయి. స్ఫటికంలో చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు దాన్ని ఒక దిక్కున పట్టి ఉంచుతాయి. సరిగ్గా దానికి తగ్గ రేడియో తరంగం పంపితే అది ఊగి, శక్తిని కాస్త మింగుతుంది. అంటే ప్రతి స్ఫటికం ఒక రేడియో స్టేషనే! ఉదాహరణకి పారా డైక్లోరోబెంజీన్. బట్టల బీరువాలోనూ బాత్రూముల్లోనూ వేసే ఘాటు వాసన ఉండల్లో వాడే పదార్థమే. దాని స్టేషన్ మామూలు గది వేడిలో సుమారు 34.27 మెగాహెర్ట్జ్ దగ్గర దొరుకుతుంది.

అదే ఉండని ద్రవ నైట్రోజన్‌లో ముంచి చల్లారిస్తే స్టేషన్ సుమారు 34.78కి జరుగుతుంది. ఎందుకు? వేడి ఎక్కువైతే అణువు తన చోట తాను అటూఇటూ ఊగుతుంది. కేంద్రకానికి కనిపించేది ఆ ఊగిసలాటకి సగటు. ఊపు పెరిగితే సగటు తగ్గుతుంది, స్టేషన్ కిందకి జారుతుంది. 1951లో హోర్స్ట్ బాయర్ దీనికి లెక్క కట్టాడు. మన డ్యాష్‌బోర్డులో నిమిషం సగటు చూసినట్టే ఇది. ఊపు మరీ వేగంగా ఉంటే విడివిడిగా కనిపించదు, సగటు మాత్రం మారుతుంది. అదే కదలిక నెమ్మదై రేడియో తరంగం వేగానికి దగ్గరగా వస్తే గీత వెడల్పవుతుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమైపోతుంది. స్ఫటికం ఇంకా కరగకుండానే స్టేషన్ మూగబోయిందంటే, లోపల అణువులు గుంజ చుట్టూ గొడ్డులా తిరగడం మొదలుపెట్టాయని అర్థం.

1950లలో రంగధామరావు వాల్తేరులో ఈ పద్ధతిని తెచ్చి పెట్టారు. యాభై దాటిన వయసులో, కాంతి వదిలి రేడియోకి. అప్పట్లో దీనికి వాడేది సూపర్ రీజనరేటివ్ ఆసిలేటర్ అనే సర్క్యూటు, రేడియో కట్టుకునే కుర్రాళ్ళకి తెలిసినదే. ఖరీదైన అయస్కాంతం అక్కర్లేదు. అది ఒక పేద దేశపు ల్యాబుకి ఎంత పెద్ద వరమో ఆలోచించండి. నా మటుకు నాకు ఇది గొప్ప ఇంజినీరింగు నిర్ణయంలా కనిపిస్తుంది: ఉన్న బడ్జెట్‌లో ప్రపంచం కొత్తగా అడుగుతున్న ప్రశ్నని పట్టుకోవడం. రంగధామరావు 1972లో పోయారు. భారత జాతీయ సైన్స్ అకాడమీ వర్ణపటశాస్త్రంలో ఒక స్మారక ఉపన్యాసాన్ని ఆయన పేరు మీదే పెట్టింది.

వాల్తేరులో వినింది ఘనపదార్థాల్ని. ద్రవస్ఫటికాలకి అదే ప్రశ్న వేయడానికి దాని అక్కలాంటి పద్ధతి కావాలి. అదే ఎన్నెమ్మార్, మన ఆస్పత్రుల్లో ఎమ్మారై స్కానింగుకి తల్లి.

నెమ్మదిని వినడం ఎలా

ఎన్నెమ్మార్ 1945-46లో అమెరికాలో పుట్టింది. 1948లో బ్లూంబెర్గెన్, పర్సెల్, పౌండ్ అనే ముగ్గురు ఒక మంచి మాట చెప్పారు: కుదిపేసిన కేంద్రకాలు మళ్ళీ కుదుటపడడానికి పట్టే కాలాన్ని చూసి, చుట్టూ అణువులు ఏ వేగంతో కదులుతున్నాయో చెప్పొచ్చు. మన దేశంలో బెంగుళూరు ఐఐఎస్సీలో జి. సూర్యన్ 1951 నాటికే పారుతున్న ద్రవాల మీద ఎన్నెమ్మార్ ప్రయోగం చేసి ప్రకటించారు.

అయితే ఒక చిక్కు. అయస్కాంతం ఎంత బలమైనదైతే అంత వేగమైన కదలికలే వినిపిస్తాయి. నెమ్మది కదలికలు వినాలంటే బలహీనమైన అయస్కాంతం కావాలి. కానీ బలహీనమైన అయస్కాంతంలో సిగ్నల్ అసలు వినిపించదు. దీనికి వేసిన ఎత్తు అద్భుతం. ముందు బలమైన అయస్కాంతంలో కేంద్రకాల్ని వరసలో నిలబెడతారు. చటుక్కున అయస్కాంతాన్ని తగ్గించి కాసేపు వదిలేస్తారు. ఆ కాసేపట్లో నెమ్మది కదలికలు తమ పని తాము చేసుకుపోతాయి. మళ్ళీ చటుక్కున పెంచి, ఎంత మిగిలిందో కొలుస్తారు. దీన్ని ఫీల్డ్ సైక్లింగ్ అంటారు. రాయడం పెద్ద మెషీన్ మీద, చదవడం పెద్ద మెషీన్ మీద, అసలు పరీక్ష మాత్రం చిన్న మెషీన్ మీద అన్నమాట.

1969లో పింకస్ అనే సిద్ధాంతకర్త, ద్రవస్ఫటికంలో గుంపు కదలికలే ముఖ్యమైతే కేంద్రకాలు కుదుటపడే వేగం ఫ్రీక్వెన్సీ వర్గమూలానికి విలోమంగా ఉండాలని లెక్క చెప్పాడు. మామూలు ద్రవంలో అలా ఉండదు. 1970లలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో నోయాక్ బృందం కొలిచి చూసింది. కిలోహెర్ట్జ్ దగ్గర ఆ వర్గమూలం నిజంగానే కనిపించింది. మెగాహెర్ట్జ్ దగ్గరికి పోతే ఒంటరి అణువుల గిరగిరలు, పక్కచూపులు పైకొచ్చాయి. అంటే సిరిమాను జనం మొత్తం తిరగడం ఒక చోట, ఒక్కొక్కడు కాలు మార్చుకోవడం ఇంకో చోట విడివిడిగా వినబడ్డాయి.

ఈ పనిలో తెలుగు నేల కూడా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వి.ఎస్.ఎస్. శాస్త్రి గారి బృందం 1980, 90లలో ద్రవస్ఫటికాల మీద సరిగ్గా ఇలాంటి ఎన్నెమ్మార్ కొలతలే చేసింది. గుంటూరు దగ్గర నాగార్జున యూనివర్సిటీలో వి.జి.కె.ఎం. పిసిపాటి, ఆయన సహచరులు వరసగా ఒక కుటుంబం అణువుల్ని తీసుకుని, తోక పొడవు ఒక్కో మెట్టు పెంచుతూ, ఏది ఎప్పుడు ఏ దశలోకి మారుతుందో ఓపిగ్గా కొలుచుకుంటూ పోయారు. ఎవరికీ గుర్తుండని పట్టికలు. కానీ ఇలాంటి పట్టికలు లేకపోతే ఏ ఇంజినీరూ తెరలోకి ఏ ద్రవం పోయాలో తేల్చుకోలేడు.

పక్కనే బెంగుళూరులో, రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం 1977లో పుల్లల్లా కాకుండా పళ్ళేల్లా ఉన్న అణువులు కూడా ద్రవస్ఫటికం అవుతాయని చూపించింది. దానివల్ల ఏం ఒరిగిందని అప్పుడు అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత జపాన్‌లో ఫుజీ కంపెనీ అలాంటి పళ్ళెం అణువులతోనే ఒక పల్చటి పొర చేసి, పక్కనుంచి చూసినా ఎల్‌సీడీ బొమ్మ వెలవెలబోకుండా చేసింది. 2000లలో మన డెస్కుల మీదున్న మానిటర్లు చాలావాటికి ఆ రకం పొర ఉండేది. విషయం కనిపెట్టింది ఇక్కడ, డబ్బు చేసుకుంది అక్కడ. అలాగని దీన్ని మన దేశం ఏడుపు చేయక్కర్లేదు. 1968లో మొదటి ఎల్‌సీడీ లోకానికి చూపించిన అమెరికా కంపెనీ ఆర్‌సీఏ కూడా దాన్ని అమ్ముకోలేకపోయింది. 1973లో షార్ప్ ఎల్‌సీడీ కాలిక్యులేటర్ తెచ్చి బజారులో పెట్టింది.

మళ్ళీ మా బీరువా దగ్గరికి

ఇదంతా చెప్పింది ఎందుకంటే...

మా కాలేజీలో స్పెక్ట్రోమీటరు ఉండేది. ఇనప బీరువాలో. తాళం మేష్టారి దగ్గర. మూడేళ్ళలో నేను దాన్ని చూసింది రెండుసార్లు. ప్రాక్టికల్ పరీక్ష రోజు బయటికి తీశారు, ఎగ్జామినరు వస్తున్నాడని. అటెండరు పక్కనే నిలబడి, "బాబూ, ఆ స్క్రూ ముట్టుకోకండి, ఇరిగిపోనాదంటే మేష్టారు నన్ను సంపేస్తారు" అని ఒకటే గోల. రీడింగులు సీనియర్ల రికార్డుల్లోంచి ముందే బట్టీపట్టి ఉన్నాం. అయినా ఒక క్షణం కన్ను పెట్టి చూశాను. గ్రేటింగు మెల్లగా తిప్పితే చీకట్లోంచి రెండు పసుపు గీతలు పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి. పుస్తకంలో ఉన్నట్టే, రెండు. ఒకటి కాదు!

ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తు. జావాలో నేను రాసిన మొదటి ప్రోగ్రాం ఏమిటో గుర్తులేదు.

చాలా ఏళ్ళ తర్వాత నారాయణ్ గారి గురించి చదివినప్పుడు ముందు గర్వంగా అనిపించింది, తర్వాత సిగ్గేసింది. 1920లలో మా పక్క జిల్లా కుర్రాళ్ళు లోహాలు మరిగించి కొత్త గీతలు వెతికారు. డెబ్భై ఏళ్ళ తర్వాత మేం పాత గీతల రీడింగులు బట్టీపట్టాం. మా మేష్టారిని తప్పు పట్టడంలేదు. ఆయన దగ్గరున్నది ఒక్కటే పరికరం, పోతే మళ్ళీ కొనే దారి లేదు. తాళం వేసింది ఆయన కాదు, లేమి.

మన బ్యాచ్‌లవాళ్ళు చదివిన కాలేజీలకి ఏమిస్తాం? కంప్యూటర్లు, ప్రొజెక్టరు, ఇప్పుడు టచ్ ప్యానెల్. మంచివే. ప్యానెల్ మీద సోడియం గీతల బొమ్మ ఎంతో అందంగా చూపించొచ్చు. కానీ ప్యానెల్ మీద కనిపించేది ఎప్పుడూ ఇంకొకరు ముందే చూసేసింది. నారాయణ్ గారి కుర్రాళ్ళకీ మాకూ తేడా తెలివిలో ఉందని నేననుకోను. వాళ్ళ చేతికి పరికరం ఇచ్చారు, మాకు ఇవ్వలేదు.

"ఒక డిగ్రీ కాలేజీ కుర్రాడు ఇప్పుడు సోడియం దీపంతో కొత్తది కనిపెడతాడా?" అని గ్రూపులో అడిగారు. కనిపెట్టడు. రంగధామరావు కూడా విజయనగరంలో క్వాడ్రుపోల్ రెసొనెన్స్ కనిపెట్టలేదు. అక్కడ ఆయన నేర్చుకున్నది ఒక గీతని నమ్మకంగా కొలవడం. అది చేతికి వచ్చింది కాబట్టే ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక కొత్త పద్ధతి కనబడితే దాన్ని అందుకోగలిగారు. ఆ ముప్ఫై ఏళ్ళని ఏ క్వార్టర్ రిపోర్టులోనూ చూపించలేం. జనం మొత్తం తిరగడానికి టైము పడుతుందని, ఒక్కొక్కడు కదలడంలేదని అనుకోకూడదు కదా.

మొన్న ఆదివారం ఇప్పుడున్న ఫిజిక్స్ మేడమ్‌కి ఫోన్ చేశాను. "నమస్కారమండీ, ఆ స్పెక్ట్రోమీటరు ఇంకా ఉందాండీ?" అన్నాను. ఉందట. అదే బీరువాలో. సోడియం దీపం మాత్రం వెలగదట, చోక్ కాలిపోయి చాన్నాళ్ళయిందట. "పిల్లలకి బోర్డు మీద బొమ్మ గీసి చెప్తున్నానండి" అన్నారు. ఆవిడ గొంతులో ఫిర్యాదు కూడా లేదు.

గ్రూపులో నా వైపు ఇప్పటికి ముగ్గురయ్యారు. సాలూరు కుర్రాడు మా బ్యాచ్ కాకపోయినా డబ్బు పంపుతానన్నాడు, మినియాపొలిస్ గుర్తుందిట. ప్యానెల్ కొనడానికి నేను అడ్డు చెప్పను, మెజారిటీ వాళ్ళదే. దీపానికీ చోక్‌కీ అయ్యే డబ్బు మాత్రం నేను నిన్న మేడమ్‌కి పంపేశాను. ఒక్క షరతు పెట్టాను: తాళం బీరువాకి వేయొద్దు, ల్యాబు తలుపుకి వేసుకోండి అని.

ఆవిడ నవ్వి, "సరేనండి, చూద్దాం" అన్నారు.